స్కూల్ నుంచి "వచ్చి తీసుకెళ్లండి" అని ఫోన్ వస్తే: అమెరికాలో ఐఈపీ ఉన్న పిల్లల తల్లిదండ్రులు ఏం చేయాలి

పిల్లాడు ఎవర్నో తోశాడు, కుర్చీ విసిరాడు, క్లాసులోంచి బయటికి పరిగెత్తాడు, వచ్చి తీసుకెళ్లండి అని ఫోన్ వస్తే మనవాళ్లలో చాలామంది చేసేది ఒకటే. నాలుగుసార్లు సారీ చెప్పి, ఆఫీసు మీటింగ్ మధ్యలోంచి లేచి, కారేసుకుని వెళ్లి, పిల్లాణ్ణి ఇంటికి తెచ్చేసుకుంటారు. టీచరుకి ఎదురు చెప్పకూడదని పెరిగినవాళ్లం, పైగా పరాయి దేశం, గొడవెందుకులే అనిపిస్తుంది. అర్థం చేసుకోగలను. కానీ ఆటిజమో, ఏడీహెచ్‌డీయో, యాంగ్జైటీయో ఉండి స్పెషల్ ఎడ్యుకేషన్‌లో ఉన్న పిల్లాణ్ణి (అంటే స్కూల్ ఇవ్వాల్సిన సేవలన్నీ రాసిన ఐఈపీ అనే వ్యక్తిగత విద్యా ప్రణాళిక ఉన్న పిల్లాణ్ణి) అలా నోటిమాట మీద తెచ్చుకుంటే ఆ రోజు ఎక్కడా కాగితం మీదికి ఎక్కదు, కాగితం మీద లేని రోజుని స్కూల్ లెక్కపెట్టదు, అలా బయట ఉంచిన రోజుల లెక్క పది దాటితేగానీ వాడికి చట్టం ఇచ్చిన అసలు రక్షణ మొదలవదు. మర్యాదగా ఉండండి, తప్పకుండా ఉండండి, కానీ ప్రతి మాటా రాతలో పెట్టించండి. నేను చెప్పాలనుకున్నది ముఖ్యంగా ఇదే, మిగతాదంతా ఎలా చేయాలన్న వివరం.

ఇది పబ్లిక్ స్కూళ్ల సంగతి, చార్టర్ స్కూళ్లూ పబ్లిక్ స్కూళ్లే. సొంత డబ్బు కట్టి ప్రైవేట్ స్కూల్లో వేసినవాళ్లకి కింద చెప్పేవాటిలో చాలావరకు వర్తించవు. వీసా గురించి భయపడేవాళ్లకి ముందే ఒక మాట: ఈ హక్కులకి మీరు హెచ్1బీ మీద ఉన్నారా, పిల్లాడు హెచ్4 మీద ఉన్నాడా, గ్రీన్ కార్డ్ వచ్చిందా అన్నదానితో సంబంధం లేదు. ఇమిగ్రేషన్ స్టేటస్ కారణంగా పిల్లలకి పబ్లిక్ స్కూల్ చదువు కాదనకూడదని సుప్రీంకోర్టు 1982లోనే, ప్లైలర్ వర్సెస్ డో కేసులో చెప్పేసింది.

మొదట, మీ పిల్లాడి దగ్గర ఏ కాగితం ఉందో చూసుకోండి

మూడు రకాలుగా ఉంటుంది. ఐఈపీ ఉంటే ఇండివిడ్యువల్స్ విత్ డిసేబిలిటీస్ ఎడ్యుకేషన్ యాక్ట్ వర్తిస్తుంది, అందరూ పొడి అక్షరాల్లో ఐడియా అనే చట్టం ఇదే. ఇది 1975లో వేరే పేరుతో వచ్చింది, అప్పటికి దేశంలో పది లక్షలమంది వైకల్యమున్న పిల్లలు పబ్లిక్ స్కూళ్ల బయటే ఉండిపోయారని ఆ చట్టంలోనే రాసుకున్నారు. వాళ్లలో ఎంతోమందిని బయట పెట్టడానికి చెప్పిన కారణం "ప్రవర్తన" కాబట్టే క్రమశిక్షణ గురించి ఇందులో ఇంత వివరంగా నియమాలు ఉన్నాయి. 504 ప్లాన్ (వైకల్యానికి తగ్గట్టు స్కూల్ చేసే సర్దుబాట్ల కాగితం) ఉంటే 1973 నాటి రీహాబిలిటేషన్ యాక్ట్ సెక్షన్ 504 వర్తిస్తుంది. పది రోజుల లెక్క, కింద చెప్పబోయే రివ్యూ దానికీ ఉన్నాయి కానీ సస్పెన్షన్‌లో ఉన్నప్పుడు చదువు కొనసాగించాలన్న హామీ ఐఈపీకి ఉన్నంత గట్టిగా ఉండదు. పిల్లాడికి పదేపదే ప్రవర్తన ఇబ్బందులు వస్తున్నాయి, చేతిలో ఉన్నది 504 మాత్రమే అయితే ఐఈపీకి పరీక్షించమని ఇప్పుడే అడగండి.

మూడోరకం ఏ కాగితమూ లేనివాళ్లు. మన ఇళ్లలో ఇది మామూలే, "పెద్దయితే సర్దుకుంటాడులే", "నలుగురికీ తెలిస్తే బాగోదు" అని లాగించేస్తూ ఉంటాం. వీళ్లకీ ఒక దారి ఉంది. గొడవ జరగకముందే మీరు టీచరుకో ప్రిన్సిపల్‌కో "మా పిల్లాడికి స్పెషల్ ఎడ్యుకేషన్ అవసరమేమో" అని రాతలో చెప్పి ఉన్నా, పరీక్షించమని అడిగి ఉన్నా, లేదా స్కూల్ సిబ్బందే వాడి ప్రవర్తన గురించి స్పెషల్ ఎడ్యుకేషన్ డైరెక్టర్‌కో ఇంకో పై అధికారికో నేరుగా చెప్పి ఉన్నా, స్కూల్‌కి ముందే తెలిసినట్టే లెక్క, అప్పుడు ఐఈపీ లేకపోయినా ఐఈపీ పిల్లలకున్న రక్షణలు అడగొచ్చు. అయితే అంతకుముందు పరీక్షకి మీరే వద్దన్నా, సేవలు వద్దని తిప్పికొట్టినా ఈ దారి మూసుకుపోతుంది. కాబట్టి అనుమానం ఉంటే ఈ రాత్రే నాలుగు లైన్ల ఈమెయిల్ పంపండి, తేదీ ముఖ్యం. గొడవ అయ్యాక అడిగినా ఆ పరీక్షని త్వరగా చేయాలి, కానీ అది పూర్తయ్యేదాకా శిక్ష ఆగదు.

ఫోన్ వచ్చినప్పుడు

ఊపిరి పీల్చుకుని ఒక్క ప్రశ్న అడగండి: "ఇది సస్పెన్షనా?" అవును అంటే, ఎన్ని రోజులు, ఏ నియమం తప్పినందుకు అన్నది రాసిమ్మనండి. కాదు, ఊరికే ఇవాల్టికి ఇంటికి తీసుకెళ్తే వాడికే మంచిది అంటారు చూడండి, జాగ్రత్త పడాల్సింది అక్కడే. "సస్పెన్షన్ కాకపోతే వాడు క్లాసులో ఉండొచ్చు కదా, కౌన్సెలర్ దగ్గర కాసేపు కూర్చోబెట్టగలరా, ఐఈపీలో రాసిన బ్రేక్ ఇచ్చారా" అని మెల్లగానే అడగండి. ప్రవర్తన బాగాలేదని పిల్లాణ్ణి సస్పెన్షన్ అని పేరు పెట్టకుండా ఇంటికి పంపడాన్ని అనధికారిక తొలగింపు అంటారు, అదీ పది రోజుల్లో కలవొచ్చని 2022 జులైలో ఫెడరల్ విద్యాశాఖ ఇచ్చిన మార్గదర్శకాల్లో స్పష్టంగా ఉంది. రోజూ గంట ముందే తీసుకెళ్లమనడం, ఫీల్డ్ ట్రిప్ రోజున రావొద్దనడం, కొన్నాళ్లు సగం పూటే పంపండి అనడం, ఇవన్నీ ఆ కోవలోకి వచ్చేవే.

వెళ్లక తప్పకపోతే వెళ్లండి, పిల్లాడు ఏడుస్తూ కూర్చుంటే ఎవరికైనా ఆగబుద్ధి కాదు. కానీ అదే రోజు రాత్రి ప్రిన్సిపల్‌కి, స్కూల్లో వాడి ఐఈపీ చూసుకునే కేస్ మేనేజర్‌కి కలిపి ఒక ఈమెయిల్ పెట్టండి. అందులో ఉండాల్సినవి: ఇవాళ ఇన్ని గంటలకి మీ స్కూల్ నుంచి ఫలానావారు ఫోన్ చేసి ప్రవర్తన కారణంగా మా అబ్బాయిని తీసుకెళ్లమన్నారు, నేను ఇన్నింటికి తీసుకొచ్చాను, దీన్ని క్రమశిక్షణ తొలగింపుగా లెక్క రాయండి, కాదంటే ఎందుకు కాదో రాతలో చెప్పండి, ఈ విద్యా సంవత్సరంలో ఇప్పటిదాకా మీ రికార్డులో ఎన్ని రోజులు ఉన్నాయో తెలపండి. అంతే. కోపం, సంజాయిషీ, వాడి చిన్నప్పటి కథ, ఏవీ వద్దు. ముఖ్యంగా "మా వాడిదే తప్పు, ఇంట్లో మందలిస్తాం" అన్న మాట రాతలో పెట్టకండి, ఆ లైను తర్వాత మీటింగ్‌లో మీ ముందుకే వస్తుంది.

ఇండియా నుంచి అమ్మమ్మో తాతయ్యో వచ్చి ఉండి, పికప్ లిస్టులో వాళ్ల పేర్లుంటే, స్కూల్లో ఏ కాగితం మీదా సంతకం చేయొద్దని, మీకు ఫోన్ చేయించమని ముందే చెప్పి ఉంచండి. మనకే సగం అర్థంకాని ఫారాలు పెద్దవాళ్ల చేతిలో పెడితే వాళ్లు మాత్రం ఏం చేస్తారు, పాపం.

రోజుల లెక్క

ఒక నోట్‌బుక్కో, ఫోన్‌లో ఒక షీటో పెట్టుకోండి: తేదీ, ఎన్ని గంటలకి, ఎవరు ఫోన్ చేశారు, ఏం చెప్పారు, ఎంతసేపు క్లాసు పోయింది. సంవత్సరానికి మొత్తం పది స్కూల్ రోజుల దాకా అందరు పిల్లల్లాగే మీ పిల్లాణ్ణీ సస్పెండ్ చేయొచ్చు, దాన్ని ఆపలేరు. వరసగా పది రోజులు దాటించాలనుకున్నా, విడివిడిగా కలిపి పది దాటి అవన్నీ ఒకే తీరులో ఉన్నా (ఒకేలాంటి ప్రవర్తన, దగ్గర దగ్గర తేదీలు, ఎంతెంతసేపు అన్నవి చూస్తారు) దాన్ని ప్లేస్‌మెంట్ (వాడు చదువుకునే చోటు) మార్పు అంటారు. శాన్ ఫ్రాన్సిస్కో నుంచి వెళ్లిన హోనిగ్ వర్సెస్ డో కేసులో, వైకల్యం వల్ల వచ్చిన ప్రవర్తనకి పిల్లల్ని స్కూల్ తన ఇష్టానికి నిరవధికంగా బయట ఉంచడానికి వీల్లేదని సుప్రీంకోర్టు 1988లో తేల్చింది, ఈ పది రోజుల గీతకి బలం వచ్చింది అక్కడే.

బస్సు సస్పెన్షన్ ఐఈపీలో రవాణా రాసి ఉంటే లెక్కలోకి వస్తుంది, లేకపోతే మామూలుగా రాదు. స్కూల్లోనే వేరే గదిలో కూర్చోబెట్టే ఇన్-స్కూల్ సస్పెన్షన్‌లో వాడికి పాఠాలు, ఐఈపీ సేవలు, మిగతా పిల్లలతో కలిసే అవకాశం మామూలుగా ఉన్నట్టే అందితే లెక్కలోకి రాదు, వర్క్‌షీట్ ఇచ్చి గోడవైపు కూర్చోబెడితే వస్తుంది. ఆ గదిలో ఏం చేయించారో పిల్లాణ్ణి, టీచర్ని, ఇద్దర్నీ అడగండి.

పదకొండో రోజు నుంచి, తొలగింపు ఎంత చిన్నదైనా, వాడికి చదువు అందాల్సిందే. ఇంటికి టీచర్ రావొచ్చు, వేరే చోట చెప్పొచ్చు, ఎలాగైనా ఐఈపీ లక్ష్యాల వైపు ముందుకి వెళ్లేలా ఉండాలి.

ఎండీఆర్ మీటింగ్: అసలు పోరాటం ఇక్కడే

ప్లేస్‌మెంట్ మార్చాలని నిర్ణయించిన రోజునే స్కూల్ మీకు చెప్పాలి, మీ హక్కుల పుస్తకం ఇవ్వాలి, పది స్కూల్ రోజుల్లోపు మ్యానిఫెస్టేషన్ డిటర్మినేషన్ రివ్యూ, పొడి అక్షరాల్లో ఎండీఆర్, పెట్టాలి. టెక్సస్‌లో ఉన్నవాళ్లు ఐఈపీ మీటింగ్‌నే ఆర్డ్ మీటింగ్ అంటారు, అక్కడ ఈ రివ్యూ కూడా ఆ ఆర్డ్ కమిటీయే చేస్తుంది. ఇందులో తేల్చాల్సిన ప్రశ్నలు రెండే రెండు. ఒకటి, ఆ పని వాడి వైకల్యం వల్ల జరిగిందా, లేదా దానితో నేరుగా, గట్టిగా సంబంధం ఉందా. రెండు, స్కూల్ ఐఈపీని అమలు చేయకపోవడం వల్ల నేరుగా జరిగిందా. రెండిట్లో ఏ ఒక్కదానికి అవునన్నా చాలు, ఆ పనికి వైకల్యంతో సంబంధం ఉందని తేలినట్టే.

రెండో ప్రశ్నని మనవాళ్లు అసలు పట్టించుకోరు, నా దృష్టిలో చాలాసార్లు బలమైనది అదే. ఒక ఉదాహరణ అనుకోండి: ఐఈపీలో శబ్దం ఎక్కువైనప్పుడు హెడ్‌ఫోన్స్ ఇవ్వాలి, అడిగితే బ్రేక్ ఇవ్వాలి, ఫైర్ డ్రిల్ గురించి ముందుగా చెప్పాలి అని ఉంది. ఆ రోజు సబ్‌స్టిట్యూట్ టీచర్ వచ్చారు, ఆమెకి ఐఈపీ సంగతే ఎవరూ చెప్పలేదు, అలారం మోగింది, వీడు చెవులు మూసుకుని కిందపడి, లేపబోయిన ఎయిడ్‌ని, అంటే క్లాసు సహాయకురాలిని, కొట్టాడు. ఇక్కడ వాడు కొట్టాడా లేదా అని వాదించి లాభం లేదు, కొట్టాడు. అడగాల్సింది ఆ రోజు హెడ్‌ఫోన్స్ ఎక్కడున్నాయి, బ్రేక్ ఎవరిచ్చారు, సబ్‌స్టిట్యూట్‌కి ఐఈపీ ఇచ్చినట్టు రుజువు ఏది అని.

మీటింగ్‌కి ముందు రాతలో అడగాల్సినవి: ఆ రోజు ఘటన రిపోర్టు, చూసినవాళ్లు రాసిచ్చిన మాటలు, వీడియో ఉంటే చూసే అవకాశం, ఈ ఏడాది క్రమశిక్షణ రికార్డు మొత్తం, బిహేవియర్ ప్లాన్ ఉంటే దాని డేటా షీట్లు, స్పీచ్ థెరపీ, ఓటీ (ఆక్యుపేషనల్ థెరపీ), కౌన్సెలింగ్ వాస్తవంగా ఎన్ని నిమిషాలు ఇచ్చారో ఆ లాగ్. రికార్డులు చూపించమని అడిగితే ఐఈపీ మీటింగ్‌కి ముందే చూపించాలన్నది నియమం. పిల్లల డాక్టరు, ఏబీఏ (ప్రవర్తన) థెరపిస్టు, సైకాలజిస్టు ఎవరుంటే వాళ్లని ఒక చిన్న లెటర్ అడగండి, "ఈ అబ్బాయికి ఆటిజం ఉంది" అని మాత్రమే రాస్తే పనికిరాదు. ఇలాంటి పరిస్థితిలో ఇలాంటి ప్రతిస్పందన రావడానికి వాడి వైకల్యంతో సంబంధం ఏమిటో రాయాలి. మీటింగ్‌కి ఎవరెవరు రావాలన్నది స్కూల్ ఒక్కటే నిర్ణయించేది కాదు, ఐఈపీ టీమ్‌లో సంబంధం ఉన్నవాళ్లని మీరూ సూచించొచ్చు. వాడి గురించి తెలిసిన మనిషినో అడ్వకేట్‌నో వెంట తీసుకెళ్లొచ్చు. ఇంగ్లీషు ఆఫీసులో బాగానే మాట్లాడతాం కానీ ఈ మీటింగుల భాష వేరు, టెన్షన్‌లో మాట రాదు. అమ్మానాన్నల్లో ఎవరికైనా తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలంటే ముందుగా అడగండి, డబ్బు స్కూలే పెట్టాలి. రికార్డింగ్ చేసుకోవాలంటే రాష్ట్రాన్ని బట్టి నియమం మారుతుంది, కాలిఫోర్నియాలో ఐఈపీ మీటింగ్‌ని ఆడియో రికార్డ్ చేసుకునే హక్కు ఉంది కానీ 24 గంటల ముందు చెప్పాలి.

మీటింగ్‌లో తప్పకుండా వినపడే మాట ఒకటుంది: "తప్పొప్పులు వాడికి తెలుసు, కావాలనే చేశాడు." చాలామంది తల్లిదండ్రులు అక్కడే తల దించేస్తారు. చట్టంలో ఆ ప్రశ్నే లేదు. ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లాడికి కొట్టకూడదని తెలుసు, అడిగితే చెప్తాడు కూడా, కానీ ఆ క్షణంలో తనని తాను ఆపుకోలేకపోవడమే ఆ వైకల్యం స్వభావం. కాబట్టి మర్యాదగా, ఎన్నిసార్లయినా, ఆ రెండు ప్రశ్నల దగ్గరికే మాటని తీసుకురండి. "ఇంతకుముందు ఇలా ఎప్పుడూ చేయలేదు కదా" అంటే పాత ఘటనలు, పాత ఎవాల్యుయేషన్‌లో రాసిన వాక్యాలు పేజీ నంబరుతో సహా చూపించండి.

సంతకం దగ్గర ఆగండి. హాజరయ్యానని చేసే సంతకం వేరు, ఒప్పుకుంటున్నానని చేసే సంతకం వేరు. ఒప్పుకోకపోతే పక్కనే "నేను అంగీకరించడం లేదు" అని రాసి, కారణాలు మర్నాడు ఈమెయిల్‌లో పంపుతానని చెప్పి, పంపండి. మీటింగ్‌లో అభిప్రాయం కుదరకపోతే చివరికి స్కూలే నిర్ణయిస్తుంది, మీకు వీటో ఉండదు, కానీ ఆ నిర్ణయాన్ని కారణాలతో సహా రాతలో ఇవ్వాలి, దానిమీద అప్పీల్‌కి వెళ్లే హక్కు మీకుంది.

తేలాక

అవును, వైకల్యంతో సంబంధం ఉంది అని తేలితే పిల్లాడు పాత క్లాసుకే తిరిగి వెళ్తాడు, మీరూ స్కూలూ కలిసి ఇంకోటి అనుకుంటే తప్ప. ఆ ప్రవర్తన ఎందుకు వస్తోందో గమనించి రాసే ఎఫ్‌బీఏ చేయాలి, దాన్నిబట్టి బిహేవియర్ ఇంటర్వెన్షన్ ప్లాన్, బీఐపీ, పెట్టాలి. ముందే ఉంటే దాన్ని సరిచేయాలి. "ఫలానా పని చేస్తే ఆఫీసుకి పంపుతాం" అని రాసినదాన్ని ప్లాన్ అనరు. గొడవకి ముందు ఏం జరుగుతోంది, దాని బదులు వాడికి ఏం నేర్పుతారు, ఎవరు, ఎప్పుడు అన్నవి ఉండాలి. ఐఈపీ అమలు కాకపోవడమే కారణమని తేలితే దాన్ని వెంటనే సరిదిద్దాలి.

సంబంధం లేదని తేలితే మామూలు పిల్లలకి వేసే శిక్షే వేస్తారు, అయినా ఐఈపీ ఉన్న పిల్లాడికి చదువు ఆపకూడదు. ఒప్పుకోలేకపోతే హియరింగ్ ఆఫీసర్ (స్కూల్‌కి చెందని విచారణాధికారి) ముందు త్వరిత విచారణ అడగండి: మీ ఫిర్యాదు అందిన 20 స్కూల్ రోజుల్లోపు విచారణ, అది అయ్యాక 10 స్కూల్ రోజుల్లోపు తీర్పు. ఈలోపు పిల్లాడు మామూలుగా శిక్షగా స్కూల్ పంపిన వేరే చోటే ఉంటాడు, అందుకే ఆలస్యం చేయొద్దు.

ఆయుధం, డ్రగ్స్, తీవ్రమైన గాయం, ఈ మూడింటి విషయం వేరు. వైకల్యం వల్లే జరిగినా సరే 45 స్కూల్ రోజుల దాకా వేరే చోటికి పంపొచ్చు. కానీ ఆ మాటలకి చట్టంలో అర్థాలున్నాయి. రెండున్నర అంగుళాలకన్నా చిన్న బ్లేడున్న జేబు కత్తి ఆ నిర్వచనంలోకి రాదు. తీవ్రమైన గాయమంటే ప్రాణాపాయం, భరించలేని నొప్పి, చాలాకాలం ఉండే వికారం, అవయవం పనిచేయకపోవడం లాంటివి. గీరినా, కమిలినా, ముక్కు నుంచి రక్తం వచ్చినా అంతలోకి రాదు. కోపంలో "చంపేస్తా" అన్న మాట ఈ మూడింట్లోనూ లేదు, అయితే దాన్ని చూపించి హియరింగ్ ఆఫీసర్ దగ్గరికి స్కూల్ వెళ్లొచ్చు. పోలీసులకి ఫిర్యాదు చేసే అధికారం స్కూల్‌కి ఉంది, అప్పుడు స్పెషల్ ఎడ్యుకేషన్ రికార్డులు కూడా వాళ్లకి అందేలా చూడాలి. పోలీసులు వచ్చే పరిస్థితి ఉంటే "అమ్మానాన్నల్ని పిలవండి" అన్న ఒక్క మాట వాడికి నేర్పి ఉంచండి, వీసా మీద ఉన్న కుటుంబమైతే మామూలు లాయర్‌తో పాటు ఇమిగ్రేషన్ లాయర్‌తోనూ మాట్లాడండి.

ఇంకో సంగతి. "హోమ్‌స్కూల్ చేస్తే వాడికే హాయి", "విత్‌డ్రా చేసుకుంటే రికార్డు పాడవదు" అని ఎవరైనా మెత్తగా చెప్తే ఆ ఫారం మీద సంతకం చేయకండి, చేసిన క్షణం నుంచి స్కూల్ బాధ్యత చాలావరకు తీరిపోతుంది. విసిగిపోయి పిల్లాణ్ణి ఇండియాలో తాతయ్య దగ్గరికి పంపేద్దామా అనుకునే ఇళ్లు కూడా ఉన్నాయి. అది మీ కుటుంబం ఇష్టం, కానీ స్కూల్ తోసేసినందుకు మాత్రం ఆ నిర్ణయం తీసుకోకండి.

ఎవర్ని అడగాలి

ప్రతి రాష్ట్రంలో పేరెంట్ సెంటర్ ఒకటైనా ఉంటుంది, ఉచితం: న్యూజెర్సీలో స్పాన్, టెక్సస్‌లో పార్ట్‌నర్స్ రిసోర్స్ నెట్‌వర్క్, జార్జియాలో పేరెంట్ టు పేరెంట్. వైకల్యమున్నవాళ్ల హక్కుల కోసం పనిచేసే న్యాయ సంస్థ కూడా ప్రతి రాష్ట్రంలో ఉంది, డిసేబిలిటీ రైట్స్ టెక్సస్, డిసేబిలిటీ రైట్స్ కాలిఫోర్నియా లాంటివి. లాయర్ దాకా వెళ్లకుండా రాష్ట్ర విద్యాశాఖకి రాతపూర్వక ఫిర్యాదు పెట్టొచ్చు, జరిగిన ఏడాదిలోపు పెట్టాలి, మామూలుగా 60 రోజుల్లో తేలుస్తారు. వివక్ష అనిపిస్తే ఫెడరల్ విద్యాశాఖలోని ఆఫీస్ ఫర్ సివిల్ రైట్స్‌కి 180 రోజుల్లోపు.

మనవాళ్లు ప్రాజెక్టు మారితే రాష్ట్రం మారిపోతారు కాబట్టి చివరగా ఇది. మారే ముందు ఐఈపీ, ఎవాల్యుయేషన్లు, బీఐపీ, ఎండీఆర్ కాగితాలు అన్నీ మీ చేతికి కాపీ తీసుకోండి, స్కూల్ పంపుతుందిలే అని కూర్చోకండి. కొత్త డిస్ట్రిక్ట్ వాళ్ల సొంత నిర్ణయం అయ్యేదాకా పాత ఐఈపీలో ఉన్నలాంటి సేవలే ఇవ్వాలి, బిహేవియర్ ప్లాన్ అందులో భాగంగా ఉంటే అదీ కొనసాగాలి. చేరిన మొదటి రోజే వాటి కాపీని ప్రిన్సిపల్‌కి, కొత్త క్లాస్ టీచరుకి ఈమెయిల్ చేసి, అందినట్టు జవాబు తెప్పించుకోండి.